ఎదుటి వైపు

"మోరీ, ఇక నావల్ల కాదు. వాడైనా ఉండాలి, నేనైనా ఉండాలి. ఎవరో మీరే తేల్చండి," అన్నాడు జెకర్యా.

యెమెన్ కొండల్లో అదొక యూదుల పేట. మోరీ అంటే వాళ్ల మాటలో గురువుగారు. మోరీ సాలెం వయసు మళ్లిన మనిషి. పొద్దుటి నుంచీ పిల్లలకి పాఠాలు చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయి, అప్పుడే ఇంటికొచ్చి రొట్టె తుంచాడు. ముక్క చేతిలోనే ఆగిపోయింది.

"మళ్లీ ఆ గాడిదేనా?" అన్నాడు విసుగ్గా.

ఆ గాడిదే. పగవాడి గాడిద బరువు కింద కూలబడి కనిపిస్తే ఏం చెయ్యాలో ధర్మశాస్త్రంలో ఒక వాక్యం ఉంది. అందులో 'అజోవ్' అనే హీబ్రూ మాట దగ్గర వచ్చింది తంటా అంతా. మామూలుగా ఆ మాటకి వదిలెయ్యమని అర్థం. ఇక్కడ అలా చదివితే, పడిపోయిన గాడిదని అలాగే వదిలేసి పొమ్మన్నట్టవుతుంది. కట్లు వదిలి బరువు దింపమని దాని భావం అంటాడు జెకర్యా. కాదు, సాయపడమనే అర్థం ఆ మాటకే పూర్వం ఉండేదంటాడు తోటి విద్యార్థి నతానేలు. వాదం ముదిరి ఇద్దరి మధ్యా మాటలు కూడా ఆగిపోయాయి.

"ఎన్ని ఆధారాలు చూపించానో మీకు తెలుసు. వింటేనా! చిన్నప్పట్నుంచీ వాడంతే మోరీ. నేను ఔనంటే కాదంటాడు."

"చిన్నప్పుడు వాడెక్కడ కూచునేవాడు?"

"ఇప్పుడు కూచునే చోటే. నాకెదురుగా."

మోరీ రొట్టె ముక్క పళ్లెంలో పడేసి లేచాడు. "పద," అన్నాడు.

బడిలో ఉన్నది ఒకటే చేతిరాత పుస్తకం. అందరూ దాని చుట్టూ కూచునే చదవాలి. ఇటువైపు వాళ్లకి అక్షరాలు తిన్నగా కనిపిస్తాయి, ఎదుటి వైపు వాళ్లకి తలకిందులుగా. జెకర్యా మొదట్లోనే చేరాడు. నతానేలు చేరేసరికి ఎదుటి వైపే ఖాళీ ఉంది. అతను అక్షరాలు నేర్చుకున్నదే తలకిందులుగా.

వీళ్లు వెళ్లేసరికి అతను తన చోట కూచుని చదువుకుంటున్నాడు. జెకర్యాని చూసి మొహం తిప్పుకున్నాడు.

"కాస్త జరుగు," అన్నాడు మోరీ అతనితో. జెకర్యాని భుజం పట్టి పక్కనే కూచోబెట్టాడు. పుస్తకంలో వంశావళి ఉన్న చోటు తీశాడు. అన్నీ పేర్లే, ఎవరికీ కంఠతా రానివి.

"చదువు."

"ఇటు నుంచా?"

"చదవమన్నాను!"

జెకర్యా మొదలుపెట్టాడు. ఒక పేరు తప్పు చదివాడు. దిద్దుకోబోయి ఇంకోటి తప్పాడు. ఏ అక్షరం చూసినా మరో అక్షరంలా ఉంది. మెడ వంచాడు, తల తిప్పాడు. మోరీ గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. జెకర్యా చెవులు ఎర్రబడ్డాయి. చివరికి తను ఏ వరసలో ఉన్నాడో కూడా తెలియక ఆగిపోయాడు.



పక్క నుంచి ఒక వేలు వచ్చి అక్షరం కింద ఆగింది. నతానేలు మెల్లిగా ఒక పేరు పలికాడు. జెకర్యా కాసేపు తటపటాయించి దాన్నే పలికాడు. వేలు ముందుకు జరిగింది. అలా ఇద్దరూ ఆ పేజీ చివరిదాకా వెళ్లారు.

"ఇన్నేళ్లూ ఇలాగేనా చదివావు?" అన్నాడు జెకర్యా.

"అలవాటైపోయిందిలే," అన్నాడు నతానేలు.

 జెకర్యా తలెత్తాడు. మోరీ అప్పటికే లేచి గడప దాటుతున్నాడు.

"మోరీ, ఇంతకీ ఆ మాటకి అర్థం..."

ముసలాయన వెనక్కి తిరిగి ఇద్దరినీ విసుగ్గా చూశాడు.

"ఇంకా దొరకలేదా?" అన్నాడు.