పాత జబ్బు లేని అడవి

గుండ్లవాగు దాటి రెండు కొండలెక్కి దిగితే ఇప్పచెట్ల అడవి వస్తుంది. ఆ అడవికి పడమటివైపు ఉన్న కొండను జంతువులన్నీ మందుకొండ అని పిలిచేవి. తిప్పతీగ, నేలవేము, అడవిపసుపు, పేరు తెలియని మరో వంద రకాల ఆకులు అక్కడ మొలిచేవి. కాలు వాచినా, పొట్ట ఉబ్బినా, జ్వరం తగిలినా ఆ కొండ మీద దొరకని మందు లేదు. దొరకనిదల్లా ఆ కొండకు దారే.

ఆ దారి నక్క జిత్తయ్య చేతిలో ఉంది. "ఇది మా తాత కనిపెట్టిన దారి" అంటూ దాని మొదట్లో తుమ్మకంప అడ్డం వేసి, పక్కనే ఒక గుహ చూసుకుని కాపురం పెట్టాడు. ఎవరికి మందు కావాలన్నా అతగాడి గుహ ముందుకే రావాలి.

"ఒంట్లో బాగున్నన్నాళ్ళూ వారం వారం నాకింత తిండి తెచ్చిపెట్టండి. బాగాలేనప్పుడు మందు సంగతి నేను చూసుకుంటా. మీరు గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోండి" అనేది అతని ఒప్పందం.

వినడానికి బాగానే ఉంది. నక్క మాట వినడానికి బాగోలేనిదెప్పుడు? ఎలుగుబంటి బుడ్డన్న తేనెపట్టు తెచ్చేవాడు. జింక చుక్కమ్మ రేగుపళ్ళు తెచ్చేది. కుందేలు చెవులయ్య లేత దుంపలు తెచ్చేవాడు. ఎద్దు కర్రెన్న సీతాఫలాల కొమ్మల్ని కొమ్ములకు తగిలించుకుని మోసుకొచ్చేవాడు.

ఈ కర్రెన్న అడవిలో పుట్టినవాడు కాదు. పదేళ్ళు నాగలి లాగాడు. రైతు ట్రాక్టరు కొన్నాక, ఒకరోజు అతన్ని అడవి అంచుదాకా తోలుకొచ్చి, పలుపు విప్పి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టు, అడవిలో అతన్ని పట్టించుకున్నవాళ్ళు ఎవరూ లేరు. చుక్కమ్మ ఒక్కతే "ఇటు రా అన్నా, నీళ్ళు ఇటున్నాయి" అని వాగు చూపించింది. ఆ రోజు నుంచి ఆమె అతనికి చెల్లెలే.

ఆ చుక్కమ్మ ముందుకాలిలో ఒకరోజు వెదురుముల్లు దిగింది. మూడు రోజుల్లో కాలు గుమ్మడిపిందెలా వాచింది. కర్రెన్న ఆమెను మెల్లగా నడిపించుకుంటూ గుహ ముందుకు తీసుకొచ్చాడు.

"జిత్తయ్య బావా! మూడేళ్ళుగా ఒక్క వారం తప్పకుండా తెచ్చిపెట్టింది మా చెల్లి. ఇప్పుడు దానికి అవసరం వచ్చింది."

జిత్తయ్య బయటికొచ్చి, కాలు చూసి, నాలుక చప్పరించాడు. "అయ్యయ్యో, ఎంత కష్టం! చుక్కమ్మా, ఒక్క మాట అడుగుతా, మరోలా అనుకోకు. మీ అమ్మ కుంటేది కదూ?"

"ముసలిదయ్యాక కుంటింది. అయితే?"

"అదీ సంగతి! ఇది మీ ఇంట్లో పాత జబ్బు. ఒప్పందంలో పాత జబ్బుకు మందు లేదు."

"వెదురుముల్లు గుచ్చుకోవడం పాత జబ్బెట్లా అవుతుంది బావా?" అన్నాడు కర్రెన్న.

"ముల్లు కొత్తదే. కాలు పాతది" అని జిత్తయ్య లోపలికెళ్ళి పడుకున్నాడు.

కర్రెన్నకు కోపం రావడం అరుదు. వచ్చినా అరవడు, నడుస్తాడు. ఆ నడక నడకే ఏనుగమ్మ దగ్గరికి వెళ్ళి ఆగాడు. ఏనుగమ్మ ఆ అడవికి పెద్ద. వాగు దగ్గర తగువులు తీర్చేది ఆమే. ఎండాకాలం కార్చిచ్చు లేస్తే ముందుండి దారి తొక్కి అందరినీ దాటించేదీ ఆమే.

అంతా విని ఆమె చెవులు ఊపింది. "పాపమే కర్రెన్నా. కానీ మందులూ మాకులూ నా పని కాదు. ఎవరి ఒళ్ళు వాళ్ళు చూసుకోవాలి. ఎవరి ఒప్పందం వాళ్ళది."

"కార్చిచ్చు లేస్తే అందరినీ దాటిస్తావు కదమ్మా. ఎవరి చెట్టు అంటుకుందని అడిగావా ఎప్పుడైనా?"

"అది అందరినీ కాలుస్తుంది."

"రోగం మాత్రం ఎవరిని వదిలిందమ్మా?"

ఏనుగమ్మ తొండంతో మట్టి కెలికింది. "పదిమందినీ అడుగుదాం" అంది.

సాయంత్రం నల్లబండ దగ్గర సభ కూడింది. చుక్కమ్మ మూడు కాళ్ళ మీద వచ్చి ఒక పక్కన కూలబడింది. కొండదారి తెరిచి, అందరూ తలా ఇంత ఆకు కోసి తెస్తే, మందు తెలిసిన ముంగిసవ్వ అందరికీ వైద్యం చేస్తుందని కర్రెన్న చెప్పాడు. అతను చెప్పడం ముగించాడో లేదో, చెవులయ్య రాయెక్కాడు.

"నేను కోడి కూయకముందే లేచి నాలుగు కోసులు పరిగెడతా. గరిక తప్ప ముట్టను. బుడ్డన్న కుండెడు తేనె తాగి పళ్ళు పుచ్చబెట్టుకుంటే, వాడికోసం నేనెందుకయ్యా కొండెక్కాలి?"

"నా పళ్ళ జోలి నీకెందుకురా? రేపు నీ కాలు విరిగితే తెలుస్తుంది" అన్నాడు బుడ్డన్న.

"విరిగితే కదా!"

అప్పుడు లేచాడు జిత్తయ్య. నక్క వినయాలన్నీ ఒంట్లోకి తెచ్చుకుని, ఏనుగమ్మకు వంగి దణ్ణం పెట్టాడు.

"అమ్మగారంటే నాకు దేవుడితో సమానం. కానీ మీరంతా ఒక్కసారి ఆలోచించండి. ఆ పాదమెంత? మందు మొక్క ఎంత? పాలించేవాళ్ళు కొండ మీదికొస్తే మొక్క మిగులుతుందా? పోనీ మిగిలిందే అనుకోండి. ఉన్న ఆకు తక్కువ, రోగులు ఎక్కువ. అప్పుడేం చేస్తారు? జాబితా వేస్తారు! పనికొచ్చేవాళ్ళకి మందు. ముసలివాళ్ళనీ కుంటివాళ్ళనీ పులి తిరిగే దారిలో వదిలేస్తారు." అని ఆగి, మెల్లగా కర్రెన్న వైపు తిరిగాడు. "ఆ జాబితాలో మొదటి పేరు ఎవరిదంటావు బావా?"

పలుపు విప్పి వెళ్ళిపోయిన రైతు వీపు కర్రెన్న కళ్ళ ముందు కదిలింది. ఈలోగా కంచే చేను మేస్తుందని ఒకరు, అమ్మో పులి అని ఒకరు, ఎవరి పిల్లల్ని వాళ్ళు ఒడిసిపట్టుకుని లేచిపోయారు. ఏనుగమ్మ కూడా తన పాదాల వైపు చూసుకుని వాగు వైపు వెళ్ళిపోయింది.

బండ దగ్గర ముగ్గురే మిగిలారు. ముంగిసవ్వ చుక్కమ్మ కాలు నాకి చీము తుడిచింది.

"కిందున్న ఆకులతో ఇంతకంటే నేనేం చెయ్యలేను నాయనా. ఇంకో రెండు రోజులు దాటితే పోయేది కాలు కాదు, ప్రాణం."

"నువ్వు దిగులు పడకన్నా. నువ్వడిగావు కదా, అంతే చాలు" అంది చుక్కమ్మ.

నెమరు వేసే జాతికి ఆలోచన కూడా నెమరులోనే వస్తుంది. కర్రెన్న నెమరు వేస్తూ జిత్తయ్యను ఒకసారి మనసులో అటూ ఇటూ తిప్పి చూశాడు. నక్కకు భయం లేదు, సిగ్గు అంతకన్నా లేదు. ఉన్నదల్లా నాలుక. ఆ నాలుకనే పట్టుకోవాలి.

తెల్లవారగానే మళ్ళీ సభ పెట్టించమని ఏనుగమ్మను బతిమాలాడు. అందరూ గొణుక్కుంటూ వచ్చారు. కర్రెన్న బండెక్కి నిలబడ్డాడు.

"నిన్న జిత్తయ్య బావ చెప్పిందే న్యాయం" అన్నాడు.

సభ నివ్వెరపోయింది. చుక్కమ్మ తలెత్తి అతన్ని చూసింది. ఆ చూపు కర్రెన్నకు ముల్లుకర్ర పోటులా తగిలినా, కదలకుండా నిలబడ్డాడు.

"అమ్మగారు దీంట్లో కలగజేసుకోవద్దు. పాత ఒప్పందమే ఉండనిద్దాం. ఒక్క చిన్న మాట. పాత జబ్బున్నవాళ్ళకు బావ మందు ఇవ్వడు. మందు ఇవ్వనప్పుడు వాళ్ళ తిండి తినడం బావకు మాత్రం బాగుంటుందా? అంత మంచి మనసే! అందుకని పాత జబ్బు ఎవరెవరికుందో ఇప్పుడే అందరి ముందూ చెప్పేస్తాడు. వాళ్ళు ఇవాళ్టినుంచి తిండి తేనక్కర్లేదు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు అర్థమైంది బుడ్డన్నకే.

"నా పళ్ళు పుచ్చి అయిదేళ్ళయింది! నాది పాతదే!" అని అరిచాడు.

"నాకు పుట్టినప్పటినుంచీ దగ్గు!" అంది అడవిపంది.

"నేను కళ్ళు తెరుచుకుని నిద్రపోతా! ఇంతకంటే పాత జబ్బు ఎక్కడుంటుంది?" అంటూ చెవులయ్య అందరికన్నా పైకి ఎగిరాడు.

జిత్తయ్య కళ్ళ ముందే తేనెపట్టు, దుంపలు, సీతాఫలాలు వరసగా గుహ దాటి వెళ్ళిపోతున్నట్టయింది.

"అబద్ధం! అన్నీ అబద్ధాలే! బుడ్డన్న పళ్ళు ముత్యాల్లా ఉన్నాయి. చెవులయ్యకు నలత అన్నదే తెలీదు. ఈ అడవిలో పాత జబ్బున్నవాడు ఒక్కడు లేడు. ఒక్కడంటే ఒక్కడు!"

"నా సంగతేంటి బావా? ముసలి ఎద్దుని" అన్నాడు కర్రెన్న.

"నువ్వా? కోడెదూడవి!"

"మరి మా చుక్కమ్మ?"

రేగుపళ్ళ తీపి జిత్తయ్య నోట్లో ఊరింది. "చుక్కమ్మకేం! వాళ్ళ వంశంలోనే రోగమన్నది లేదు. వాళ్ళమ్మ చచ్చేదాకా చెంగుచెంగున గెంతింది!"

"అందరూ విన్నారుగా?" అంది ఏనుగమ్మ.

"విన్నాం!" అంది సభ.

"అయితే ఆ కాలు మొన్న కొత్తగా వాచినట్టే కదా. మందు ఇప్పించు బావా" అన్నాడు కర్రెన్న, నాగలి చాలు తిప్పినంత నెమ్మదిగా.

ఇవాళ తిథి బాగోలేదన్నాడు జిత్తయ్య. రేపు తెస్తానన్నాడు. సభంతా లేచి గుహ వైపు నడిచింది. ఏనుగమ్మ వంగి లోపలికి తొండం పెట్టింది. తేనెపట్టు తొక్కలు, సీతాఫలం గింజలు, రేగు పిక్కలు గుట్టలుగా బయటికొచ్చాయి. ఆఖర్న ఒక మూల నుంచి బూజు పట్టిన ఎండాకు గుప్పెడు వచ్చింది.

"మూడేళ్ళలో నువ్వు కొండెక్కలేదా?" అంది ఏనుగమ్మ.

"ఎక్కాల్సిన పని పడలేదమ్మా" అన్నాడు జిత్తయ్య నేల చూపులు చూస్తూ. "ఎవరికైనా మందు ఇస్తే కదా ఉన్న ఆకు అయిపోయేది."

ఏనుగమ్మ తుమ్మకంపను తొండంతో పెకలించి లోయలోకి విసిరేసింది. ఆ చప్పుడు ఆగకముందే ముంగిసవ్వ దారెక్కి పరిగెత్తింది. మధ్యాహ్నానికి అడవిపసుపు కొమ్ములతో, నోటినిండా ఆకుతో తిరిగొచ్చి, నమిలి ముద్దచేసి చుక్కమ్మ కాలికి పట్టించింది. నాలుగోరోజు చుక్కమ్మ ఆ కాలు నేల మీద ఆనించింది. కర్రెన్న చూడనట్టు అటు తిరిగి గడ్డి మేశాడు. కళ్ళలో నీళ్ళు చెల్లెలికి కనబడటం అతనికి ఇష్టం లేదు.

అంతటితో అన్నీ చక్కబడ్డాయంటే అబద్ధమే. మొదటి వారం ఏనుగమ్మ సరదాపడి కొండెక్కి నేలవేము మడి మొత్తం తొక్కేసింది. చెవులయ్య ఆమె పాదం ముందు నిలబడి "జిత్తయ్య దొంగే కావచ్చు, ఈ ఒక్కటి మాత్రం నిజమే చెప్పాడమ్మా!" అని కేకలేశాడు. అడవంతా బిగుసుకుపోయింది. ఏనుగమ్మ మాత్రం పాదం ఎత్తి చూసుకుని, "నిజమే. దారి కాయడం, ఎవరూ మళ్ళీ కంప వెయ్యకుండా చూడటం నా పని. ఆకు సంగతి తెలిసినవాళ్ళకే వదిలేస్తా" అని కిందికి దిగి కొండ మొదట్లో నిలబడింది. పొద్దుట్నుంచీ వరసలో నిలబెట్టారని బుడ్డన్న రోజూ సణిగేవాడు. సణిగినా పళ్ళనొప్పి తగ్గాక పాట పాడుకుంటూ వెళ్ళేవాడు. అడవిలో అందరికన్నా వేగం తనదే గనక అత్యవసరమైన ఆకు తేవడం చెవులయ్యే నెత్తినేసుకున్నాడు. నడవలేని రోగుల్ని కర్రెన్న వీపు మీద మోసుకొచ్చేవాడు. ఎవరూ ఏ జాబితా వెయ్యలేదు.

జిత్తయ్య కొన్నాళ్ళు ఎవరికీ కనబడలేదు. వానలు మొదలయ్యాక, ఒక పగటిపూట దవడ ఒకవైపు ఉబ్బి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని వచ్చి వరస చివర నిలబడ్డాడు. ముందున్నవాళ్ళంతా ఒక్కసారి వెనక్కి తిరిగారు.

"వీడికి ఇస్తే నేనిక కొండెక్కను! పొమ్మనండి!" అన్నాడు చెవులయ్య.

ముంగిసవ్వ కర్రెన్న వైపు చూసింది. కర్రెన్నకు లోపల చురుక్కుమంది. మూడు కాళ్ళ మీద నిలబడ్డ చెల్లెలు గుర్తొచ్చింది. "పొమ్మను" అనే మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆ దవడ నిజంగానే వాచి ఉంది. జిత్తయ్య కళ్ళలో నొప్పి కూడా నిజంగానే ఉంది.

"వరసలో ఉన్నాడు కదవ్వా. వంతు వస్తే చూడు" అన్నాడు.

వంతు వచ్చింది. ముంగిసవ్వ దగ్గరికి పిలిచి "నోరు తెరువు" అంది. జిత్తయ్య తెరిచాడు. తేనె తిని తిని పుచ్చిన పన్ను లోపల నల్లగా కనబడింది. ఆమె ఆకు ముద్ద పెట్టి అదిమేదాకా అతను అలాగే ఉన్నాడు. జిత్తయ్య అంతసేపు నోరు తెరిచి ఒక్క మాట కూడా మాట్లాడకపోవడం ఆ అడవిలో ఎవరూ అంతకుముందు చూడలేదు.

పెద్దలు ఇందుకే అంటారు: రోగం ఎవరని అడిగి రాదు, మందు కూడా ఎవరని అడిగి ఇవ్వకూడదు.