జిన్‌పోల్ కింద కూర్చున్న లోవయ్య

అనగనగా అన్నానని రాజుల కాలం అనుకునేరు, కాదర్రా. లారీలకి మూతి ముందుకి పొడుచుకొచ్చి ఉండే రోజులు. గోదారి లంకల్లో నూనె కోసం బావులు తవ్వే రోజులు. అక్కడో లారీల షెడ్డు. ఆ షెడ్డుకి మేస్త్రీ అబ్బులు. ఆయన వెల్డింగు చేశాడంటే అతుకెక్కడో వెతుక్కోవాల్సిందే.

ఆ షెడ్డుకి కావడితో నీళ్లు మోసేవాడు లోవయ్య. ముసలాడు. ఒంటినిండా ఎముకలే. పలకరిస్తే నవ్వేవాడు గానీ మాట మాత్రం బహు పొదుపు.

ఒకనాడు షెడ్డుకి పెద్ద పనొచ్చింది. బావి దగ్గర కొత్త ఇంజను ఎత్తి పెట్టాలి. దానికి తాడు చుట్టి బరువులెత్తే వించ్ లారీ కట్టాలి. లారీ వెనకాల రెండు పొడుగాటి గొట్టాలు, కాళ్లు ఎడంగా పెట్టి, తలలు కలిపి నిలబెడతారు. ఆ తలల మీంచి ఇనప తాడు దిగుతుంది. ఆ గొట్టాల జతనే జిన్‌పోల్ అంటారు. బరువంతా ఆ రెండు గొట్టాల మీదే. అవి నిలబడితే అబ్బులు పేరు నిలబడుతుంది. పడితే కింద ఎవడున్నాడో వాడి పని అయిపోయినట్టే.

షెడ్డులో మూడు రకాల గొట్టాలున్నాయి. ఒకటి నీళ్ల గొట్టం, పల్చన. రెండోది మిల్లు బాయిలరుకని తెస్తే మిగిలిపోయింది, మందంగా ఉంటుంది గానీ మెత్తటి ఇనుము. మూడోది బావి తవ్వి తవ్వి రిటైరైన గొట్టం. మైలు లోతుకి దిగి రాయిని తొలిచొచ్చింది.

“ఇదీ గొట్టమంటే!” అని మూడోదాన్ని చరిచాడు అబ్బులు.

లోవయ్య కావడి దించాడు. “అది వద్దు మేస్త్రీ గారూ. అది చెప్పదు.”

“ఏంటి చెప్పనిది?”

“కావడి బద్ద మెత్తందయితే, బరువెక్కువైనప్పుడు వంగుద్ది, కిర్రుమంటది. నేను దించేసుకుంటాను. బిరుసు బద్ద చెప్పదు. ఉన్నట్టుండి విరుగుద్ది.”

షెడ్డంతా పడీ పడీ నవ్వింది. “నీ వెదురుబద్దకీ నా ఇనుముకీ పోలికా తాతా!” అని అబ్బులూ నవ్వాడు.

మర్నాడు గొట్టాలు కోస్తుంటే లోవయ్య మళ్లీ వచ్చాడు. “అది చెప్పదు మేస్త్రీ గారూ. మూడింటి చివర్లూ చేతి గాజుల్లా గుండ్రంగా కోసి సుత్తితో కొట్టి చూడండి.”

ముసలాడి నోరు మూయించడానికే కొట్టాడు అబ్బులు. నీళ్ల గొట్టం గాజు ఒక్క దెబ్బకే అతుకు దగ్గర చీలింది. మిల్లు గొట్టం గాజు నెమ్మదిగా అణిగి అప్పచ్చిలా అయింది, ఎక్కడా పగల్లేదు. బావి గొట్టం గాజు మొదటి దెబ్బకి కదల్లేదు. రెండో దెబ్బకీ కదల్లేదు. అబ్బులు మీసం మీద చెయ్యేశాడు. మూడో దెబ్బకి ఠప్పుమని మూడు ముక్కలైంది! ఓ ముక్క ఆయన చెవి పక్క నుంచి దూసుకుపోయింది. లోవయ్య మాట నిజమేనని అబ్బులుకి తెలిసిపోయింది.

తెలిస్తే ఏం లాభం? నీళ్లు మోసేవాడి మాట విని మార్చాడంటే నలుగుర్లో ఎంత నామోషీ! “సుత్తి వాటంగా పళ్లేదు,” అనేశాడు. బావి గొట్టాలే నిలబెట్టాడు.

ఎత్తే రోజు ఊరు ఊరంతా చేరింది. ఇంజనుకి తాడు కట్టారు. అప్పుడొచ్చాడు లోవయ్య మూడోసారి. వచ్చి ఏం చేశాడనుకున్నారు? తిన్నగా వెళ్లి ఆ గొట్టాల కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు! జనం కెవ్వుమన్నారు.

“లే తాతా!”

“అది చెప్పదు మేస్త్రీ గారూ. మీకు నమ్మకముంటే వచ్చి నా పక్కన కూర్చోండి. లేదా పోల్ దించెయ్యండి.”

అబ్బులు వెళ్లి కూర్చోనూ లేదు, పోల్ దించనూ లేదు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. సిగ్గు ముంచుకొచ్చి, దాని వెనకే కోపం ముంచుకొచ్చింది. వించ్ దగ్గరున్న బావమరిది నాగేసుతో అన్నాడు, “ఒరే, ఒక్క జానెడు ఎత్తు. బెదిరి వాడే లేస్తాడు.”

జానెడు లేచింది ఇంజను. గొట్టం వంగలేదు. మూలగలేదు. ఠప్పుమంది.

అమ్మ బాబోయ్! అంతే. ఆ ఒక్క చప్పుడే. దుమ్ము అణిగేసరికి లోవయ్య ప్రాణాలతో లేడు. అబ్బులు ఆ విరిగిన గొట్టాల పక్కనే కూలబడ్డాడు. మూడు రోజులు లేవలేదు.

నాలుగో రోజు లేచి, బావి గొట్టాలన్నీ తన చేత్తోనే ముక్కలు చేశాడు. మిల్లు గొట్టాలతో పోల్ కట్టాడు. ఎత్తే వేళకి ఎవరికీ చెప్పకుండా వెళ్లి దాని కింద కూర్చున్నాడు. భార్య కాళ్ల మీద పడి ఏడ్చినా లేవలేదు. ఇంజను లేచింది. కిర్రుమని మూలిగింది గొట్టం, బొటనవేలంత వంగింది. ఊరంతా విన్నారు. నాగేసు గబుక్కున దించేశాడు. ఇంజను చక్రం విప్పి బరువు తగ్గించి ఎత్తితే హాయిగా లేచింది. కింద అబ్బులు మాత్రం, “చెప్పింది తాతా, చెప్పింది,” అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇప్పటికీ ఆ లంకల్లో కొత్త జిన్‌పోల్ నిలబెడితే కింద ఓ చాప పరుస్తారు. గొట్టం ఎంచినవాణ్ని పిలిచి, “లోవయ్య పక్కన కూర్చుంటావా?” అని అడుగుతారు. నిజంగా ఎవర్నీ కూర్చోనివ్వర్లెండి, అడుగుతారంతే. వాడు వెంటనే “ఆఁ” అంటే తాడు బిగిస్తారు. ఒక్క క్షణం తడబడ్డాడా, మారు మాట్లాడకుండా పోల్ దించేసి వేరే గొట్టాలు వెతుక్కుంటారు.