పండుగప్ప తల్లి మొగ దాటిన కథ

ముందు గంగమ్మ తల్లికి ఒక దండం పెట్టుకోండి. పెట్టుకున్నారా? చిన్నవాళ్లు ముందుకి జరగండి, పొడుగువాళ్లు వెనక్కి. ఇక వినండి.

అనగా అనగా సముద్రం ఒడ్డున ఒక రాజ్యం. ఆ రాజ్యానికి శరభసేనుడని ఒక రాజు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతుడు మహా బలవంతుడు. నడిపివాడు రత్నకేతుడు మహా కోపిష్టి. చిన్నవాడు సోమకేతుడు. వాడి గొప్ప ఏమిటని అడిగితే చెప్పడానికి ఎవరికీ ఏమీ తోచేది కాదు. ఏ పని చెప్పినా "ఎందుకు?" అని ఒకసారి అడిగి, ఆ తర్వాత చేసేవాడు. అంతే.

ఆ రాజ్యంలో నేలంతా ఉప్పు నేల. గింజ వేస్తే మొలవదు. బెస్తవాళ్లు వేటకు వెళ్లి తెచ్చిన చేపే అంతఃపురానికి తిండి, గుడిసెకీ తిండి. ఆ వేటకు రెండు కట్టుబాట్లు ఉండేవి.

మొదటిది పసుపు గీత. ప్రతి పడవకీ పక్కన ఒక గీత గీసేవాళ్లు. చేపలు నింపే కొద్దీ పడవ కిందికి దిగుతుంది కదా! నీళ్లు ఆ గీతను తాకాయా, వల ఎత్తి ఇంటి దారి పట్టాల్సిందే. ఎదురుగా చేపలు ఎగిరెగిరి పడుతున్నా సరే.

రెండోది పసుపు ముడి. తొలకరికి చేపలు జన కడతాయి, అంటే కడుపునిండా గుడ్లు. గుడ్లు పెట్టడానికి అవి ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి వస్తాయి. ఆ రోజుల్లో ఊళ్లో వలలన్నీ తెచ్చి గంగమ్మ గుడి ముందు వెదురు దండేల మీద ఆరేసి, పసుపు గుడ్డతో ముడి వేసేవాళ్లు. పూజారి ఆ ముడి విప్పేదాకా రాజైనా సరే, వల ముట్టడు. అన్నాళ్లూ పొరుగు దేశం నూకల గంజి, ఎండుచేప, పచ్చిమిరపకాయ. కష్టమే. అయినా అమ్మ ఆన.

ఇలా ఉండగా పెద్ద రాకుమారుడికి పెళ్లి కుదిరింది. ముహూర్తం చూస్తే సరిగ్గా వలలు కట్టేసిన రోజుల్లో పడింది.

"చేపల కూర లేకుండా రాజుగారింట పెళ్లి విందా? నలుగురూ నవ్వరూ?" అని రాజు దిగులు పెట్టుకున్నాడు.

అప్పుడు సభలోకి ఒక మాంత్రికుడు వచ్చాడు. వాడి పేరు జాలముఖుడు. పొగలాంటి ఒళ్లు, రెప్ప వేయని కళ్లు.

"మహారాజా! గుడ్డ ముడికి ఇంత భయమా? ఇదిగో నా వల. మొగకి అడ్డంగా కట్టించండి, చేపలే వచ్చి పడతాయి. ఒక్క పెళ్లికే కదా!" అన్నాడు.

ఒక్క పెళ్లికే కదా అని రాజు ముడి విప్పించాడు. విందు బ్రహ్మాండంగా జరిగింది. మరుసటి ఏడు మనవడి బారసాల వచ్చింది. ఒక్క బారసాలకే కదా అన్నాడు. ఆ మరుసటి ఏడు ఏమీ రాలేదు. అయినా ముడి వేయలేదు. ముడి పోయాక గీత మాత్రం ఎందుకని దాన్ని పైకి జరిపించాడు.

బెస్తల పెద్ద మసేనయ్య చేతులు కట్టుకుని, "గీత పైకి జరిపితే సముద్రం పెద్దదవుతుందా ప్రభూ?" అన్నాడు. సభంతా నవ్వింది. చివరికి గీతలన్నీ గీకించేశారు.

కొన్నేళ్లకి వల వేస్తే నాచు వచ్చింది. మళ్లీ వేస్తే గవ్వలు వచ్చాయి. మళ్లీ వేస్తే వట్టి నీళ్లు వచ్చాయి. పొయ్యిల మీద పిల్లులు పడుకున్నాయి. జాలముఖుడిని పిలవబోతే వాడెప్పుడో సప్త సముద్రాల అవతలికి చెక్కేశాడు.

రాజు కొడుకుల్ని పిలిచి, "చేపల్ని తిరిగి తెచ్చినవాడిదే ఈ రాజ్యం" అన్నాడు.

జయకేతుడు పెద్ద ఓడ, పెద్ద వల తీసుకుని బయల్దేరాడు. రెండో సముద్రంలో కాసిన్ని చేపలు దొరికాయి. నింపాడు, ఇంకా నింపాడు. గీత లేదు కదా! ఓడ బుడుంగున మునిగింది. ఒక చెక్క పట్టుకుని ఈదుకుంటూ ఇల్లు చేరాడు.

రత్నకేతుడు కత్తి తీసుకుని బయల్దేరాడు. ఏడో సముద్రంలో దీవి మీద మాంత్రికుణ్ణి పట్టుకుని నరికాడు. నీటిని నరికినట్టే అయింది. తెగింది, మళ్లీ కలిసింది. వాడు ఫక్కున నవ్వి రత్నకేతుణ్ణి రాయి చేసి ఒడ్డున నిలబెట్టాడు.

ఇక సోమకేతుడు మిగిలాడు. అతను ఒక చిన్న పడవ అడిగాడు. మసేనయ్య కూతురు కాశులమ్మ పడవ తెచ్చింది. చేతిలో పసుపు ముద్ద కూడా ఉంది.

"మీ పెద్దన్నగారు నింపుకోవడానికి వెళ్లారు. నడిపి అన్నగారు నరకడానికి వెళ్లారు. తమరెందుకు వెళ్తున్నారు చిన్నదొరా?" అంది.

"అడగడానికి."

"ఏమడుగుతారు?"

"ఎందుకు అని."

కాశులమ్మ నవ్వింది. "అయితే మునిగేదాకా నింపరు. రండి, ఈ తాడు కొస పట్టుకోండి. గీత వంకర పోతే మా నాన్న నన్ను తిడతాడు, మిమ్మల్ని కాదు." ఇద్దరూ కలిసి గీత గీశారు. ఆమె మూటెడు అటుకులు పడవలో పెట్టింది.

సోమకేతుడు ఒక సముద్రం దాటాడు. రెండో సముద్రంలో ఆకలేసి ఒక పీతను పట్టాడు. "రాకుమారా! నా కడుపు కింద గుడ్లున్నాయి, వదిలెయ్" అంది పీత. వదిలేసి పిడికెడు అటుకులు తిన్నాడు. నాలుగో సముద్రంలో ఒక తాబేలును పట్టాడు. "రాకుమారా! గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి పోతున్నాను, వదిలెయ్" అంది తాబేలు. వదిలేసి పిడికెడు అటుకులు తిన్నాడు. ఆరో సముద్రంలో రాతి మీద నీటికాకిని పట్టాడు. "రాకుమారా! గూట్లో గుడ్లున్నాయి, వదిలెయ్" అంది నీటికాకి. వదిలేశాడు. తిందామంటే మూటలో అటుకులు లేవు. మూటగుడ్డ దులిపి నవ్వుకున్నాడు.

ఏడో సముద్రం నిండా పడవల్ని చీల్చే రాళ్లు. పీత వచ్చి సందు సందునా దారి చూపించింది. దీవి ఒడ్డున రాయై నిలబడ్డ అన్న కనబడ్డాడు. రాతి కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. సోమకేతుడు వాటిని తుడిచి, "వాణ్ణి చంపేదెలా?" అన్నాడు.

"వాడి ప్రాణం వాడి దగ్గర లేదు. సముద్రం అడుగున పండుగప్ప తల్లి కడుపులో దాచాడు" అంది అప్పుడే ఎగిరొచ్చి వాలిన నీటికాకి.

తాబేలు కూడా వచ్చి అతన్ని వీపు మీద ఎక్కించుకుని అడుక్కి తీసుకెళ్లింది. అక్కడ పండుగప్ప తల్లి ఉంది. పడవంత చేప, వెండి పొలుసులు, కుండలాంటి కడుపు. సోమకేతుడు వెంట తెచ్చుకున్న బల్లెం ఎత్తాడు. ఒక్క పోటు చాలు. మాంత్రికుడు చస్తాడు, అన్న లేస్తాడు. కానీ అలవాటు ఎక్కడికి పోతుంది?

"వాడు నీ కడుపులోనే ఎందుకు దాచాడమ్మా?" అన్నాడు.

"మంచి మాట అడిగావు నాయనా. ఈ ఏడు సముద్రాల్లో జన మిగిలిన తల్లిని నేనొక్కదాన్నే. పొడిస్తే వాడు చస్తాడు. నాతోపాటు రేపటి చేపలూ చస్తాయి."

"మరి వేరే దారి?"

"ఆ ప్రాణం నా గుడ్లతో ముడిపడి ఉంది. ఒక్కచోట ఉన్నంతకాలమే అది ప్రాణం. నేను గుడ్లు పెట్టానంటే లక్ష ముక్కలై నీళ్లలో కలిసిపోతుంది. అందుకే మీ మొగకి అడ్డంగా వల కట్టించాడు. ఏటేటా వస్తాను, వలలు చూసి వెనక్కి పోతాను. మీ వలలు లేచిన తొలకరికి నేను మొగ దాటుతాను."

సోమకేతుడు బల్లెం దించాడు. అన్నని ఒకసారి కావలించుకుని, ఖాళీ పడవతో వెనక్కి తిరిగాడు.

"ఏం తెచ్చావురా?" అన్నాడు రాజు.

"ఏమీ తేలేదు నాన్నగారూ. వలలన్నీ కట్టేయండి" అన్నాడు సోమకేతుడు. పండుగప్ప తల్లి మాట చెప్పాడు.

ఊరు గొల్లుమంది. "ఉన్న నాచు కూడా వద్దంటాడేమిటి ఈయన!" అన్నారు. కాశులమ్మ ఇంటికి వెళ్లింది. తన వల తెచ్చి గుడి ముందు ఆరేసి ముడి వేసింది. దాని పక్కన మసేనయ్య తన వల ఆరేశాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు తెచ్చారు. మాంత్రికుడి వలను మొగ నుంచి ఊడబెరికి తగలబెట్టారు.

తొలకరి చినుకు పడింది. జనం మొగ ఒడ్డున గుడి ముందు కూర్చున్నారు, రాజూ వచ్చాడు. జాలముఖుడికి గుండెల్లో రాయి పడింది. పరుగున వచ్చి ఒడ్డున నిలబడి మంత్రం వేశాడు. మొదటి కెరటంలో కవళ్లనే చిన్న చేపలు వచ్చి పడ్డాయి, మోకాలి లోతున. జనం గుటకలు మింగారు, లేవలేదు. రెండో కెరటంలో రొయ్యలు వచ్చాయి, గుట్టలు గుట్టలుగా. జనం కళ్లు మూసుకున్నారు, లేవలేదు. మూడో కెరటంలో మనిషంత వంజరం చేపలు వచ్చి సరిగ్గా రాజుగారి పాదాల దగ్గర గంతులేశాయి.

"ఒక్క వలే కదా మహారాజా!" అన్నాడు జాలముఖుడు, చక్కెర పూసిన గొంతుతో.

రాజు దండెం దగ్గరికి నడిచాడు. ముడి మీద చెయ్యి వేశాడు. సోమకేతుడు ఆ చెయ్యి పట్టుకోలేదు.

"ఎందుకు నాన్నగారూ?" అన్నాడు.

"ఆకలిరా! నాకు కాదు, వీళ్లకి!"

జనంలోంచి కాశులమ్మ లేచింది. "మాకా? మేం గంజి తాగి బుద్ధిగా కూర్చున్నాం కదా ప్రభూ! మా పేరు మాత్రం చెప్పకండి."

రాజు చెయ్యి ఆగిపోయింది. ముడి వంక చూశాడు, జనం వంక చూశాడు, గుళ్లో అమ్మ వంక చూశాడు. కిరీటం తీసి పక్కన పెట్టి, వెళ్లి మసేనయ్య పక్కన నేల మీద కూర్చున్నాడు.

"కాస్త జరుగు" అన్నాడు. మసేనయ్య జరిగాడు.

అప్పుడు మొగ దగ్గర నీళ్లు వెండిలా మెరిశాయి. పండుగప్ప తల్లి వచ్చింది. ఒక్క వల అడ్డం రాలేదు. మొగ దాటింది, గుడ్లు పెట్టింది. ఒడ్డున జాలముఖుడి చేతులు పలచబడ్డాయి. ముఖం పలచబడింది. "ఒక్క..." అని ఏదో అనబోయాడు, ఆ గొంతూ పలచబడి అలల చప్పుడులో కలిసిపోయింది. ఏడు సముద్రాల అవతల రత్నకేతుడు ఒళ్లు విరుచుకుని లేచాడు. తాబేలు అతన్ని వీపు మీద ఇంటికి చేర్చింది.

చేపలు వెంటనే రాలేదు సుమా. గుడ్డు పిల్లవ్వాలి, పిల్ల చేపవ్వాలి. అంతదాకా ఊరు గంజి తాగింది. ఆ తర్వాత సముద్రం నిండింది. పడవలకి మళ్లీ పసుపు గీతలు వచ్చాయి.

సోమకేతుడికీ కాశులమ్మకీ పెళ్లి కుదిరింది. ముహూర్తం చూస్తే మళ్లీ సరిగ్గా వలలు కట్టేసిన రోజుల్లోనే పడింది! రాజు ముహూర్తం మార్చలేదు, ముడీ విప్పలేదు. విస్తళ్లలో ముద్దపప్పు, గోంగూర, పొరుగు దేశం బియ్యం. రాజే స్వయంగా వడ్డించాడు.

పొరుగు రాజు ఒకాయన మూతి ముడిచి, "సముద్రం పక్కన కూర్చోబెట్టి పప్పు పెడతారా?" అన్నాడు.

"ఎందుకో చెబుతాను బావగారూ. ముందు నెయ్యి వేయించుకోండి" అన్నాడు శరభసేనుడు.

సోమకేతుడు కాశులమ్మతో చాలాకాలం ధర్మంగా రాజ్యం ఏలాడు. ఏటేటా పూజారి ముడి విప్పిన రోజున వలలో పడ్డ తొలి చేపను అమ్మ పేరు చెప్పి నీళ్లలోకే వదిలేవారు. ఆ తల్లి వాళ్లని చల్లగా చూసింది. మనల్నీ చూడాలి. ఇంకో దండం పెట్టుకుని లేవండి.