తట్టి చూసిన కొమ్ము

మాలకొండయ్య గొడ్లచావడిలో ఒక కట్టుబాటు ఉంది. ఆ జబ్బు పేరు ఎవరూ ఎత్తకూడదు. కొమ్ము లోపల పుట్టి, కొమ్మును తిని, చివరికి గొడ్డునే తినేసే జబ్బది. పేరెత్తితే వస్తుందని అక్కడి జీవాల నమ్మకం. ఎత్తకపోయినా వస్తూనే ఉంది, అది వేరే సంగతి.

ఆ చావడికి పెద్ద మైలయ్య. పందెంలో బండ లాగడంలో మొనగాడు, తన కొమ్ములు చూసుకుని మురిసిపోయే ఎద్దు. ఈ మధ్య ఎడమ కొమ్ము మొదట్లో సలుపు పుట్టి తల విదిలిస్తున్నాడు. విదిలించినప్పుడల్లా మెడలో మువ్వలు ఘల్లుమంటున్నాయి. "పందెం దగ్గరపడింది, మైలయ్యకి హుషారెక్కింది," అనుకునేవి కోళ్ళు. తనూ అలాగే అనుకుందామని చూశాడు గానీ, లోపల భయంగానే ఉంది.

ఆ చావడికి నక్క రాకపోకలుండేవి. ఆ జబ్బుకి కొండమీద మూలిక వెతుకుతున్నానని చెప్పి, దారిబత్తెం కింద కోళ్ళ దగ్గర గుడ్లు పట్టుకుపోయేది. అరచేతిలో వైకుంఠం చూపడం దానికి వెన్నతో పెట్టిన విద్య.

ఒక ఉదయం దూలం మీద వాలిన వడ్రంగిపిట్ట, "మామా, నీ కొమ్ములు ఓసారి తట్టి చూడనా?" అని మైలయ్యని అడిగింది.

"తట్టించుకోకు బావా," అంది నక్క. "వెతికితేనే జబ్బు దొరికేది. మూలిక వచ్చేదాకా ఓపిక పట్టు. ఒక్కసారి నమిలితే సరి."

"అందాకా జబ్బు కూడా ఓపిక పడుతుందా?" అంది పిట్ట.

"చెక్కలు పొడుచుకునేదానివి, నీకేం తెలుసే?"

"చెక్కల సంగతే తెలుసు. నున్నటి మానులో పురుగెక్కడుందో చప్పుడే చెబుతుంది."

"నా కొమ్ములకేం, నిగనిగలాడుతున్నాయి," అన్నాడు మైలయ్య.

పిట్ట గొంతు మార్చింది. "అందుకే మామా, ఇంత మంచి కొమ్ములు ఎలా పలుకుతాయో విందామని. పందేనికి ఇత్తడి కుప్పెలు తొడిగాక ఇక వినలేంగా."

పొగిడితే కరగని ఎద్దు ఎక్కడుంది? మైలయ్య తల వంచాడు.

కుడి కొమ్ము ఖణేల్‌మంది. కోళ్ళు మెచ్చుకున్నాయి. ఎడమది తడిసిన డోలులా దబ్బుమంది. కోళ్ళు రెండడుగులు వెనక్కి వేశాయి.

"ఎప్పట్నించి సలుపు మామా?"

"కొన్నాళ్ళుగా. చెబితే జబ్బు వస్తుందని చెప్పలేదు."

"వచ్చింది కాబట్టేగా సలుపు."

నక్క ఒక్క గెంతు గెంతింది. "చూశారా, తట్టి తట్టి తెప్పించింది. ఇంకో గంపెడు గుడ్లు ఇవ్వండి, ఇప్పుడే కొండెక్కుతా."

మైలయ్య ఆలోచనలో పడ్డాడు. కొమ్ము పోతే పందెం ఏమవుతుంది, పరువేమవుతుంది? ఊరుకుంటే ప్రాణమే పోతుందేమో. ఎటూ తేలక మూలకి చూశాడు. అక్కడ నల్లక్క అనే ముసలి ఆవు కట్టేసి ఉంది. దాని కొమ్ము పక్కకు వాలిపోయింది.

"నేను ఓపిక పట్టాను తమ్ముడూ," అంది నల్లక్క. "గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాను. నువ్వు తెచ్చుకోకు."

కుప్పెలు పట్టుకుని మాలకొండయ్య రాగానే మైలయ్య తల ముందుకు చాచాడు. పిట్ట ఆయన ముందే రెండు కొమ్ములూ వాయించింది. సంతలో తట్టి చూడందే కుండ కొనని మనిషి ఆయన. తనూ వేలితో కొట్టి విన్నాడు, కుప్పెలు పక్కన పడేశాడు, మైలయ్యని పశువుల ఆస్పత్రికి తోలుకెళ్ళాడు.

"కొమ్ము క్యాన్సర్," అన్నాడు డాక్టరు. "మొదట్లోనే తెచ్చారు కాబట్టి కొమ్ముతో పోతుంది. ముదిరితే నా చేతిలో ఉండేది కాదు."

ఒక కొమ్ముతో తిరిగొచ్చిన మైలయ్య సిగ్గుతో తలెత్తలేకపోయాడు. కానీ పుండు మానాక బండ కడితే, అది కొమ్ముల్ని లెక్కపెట్టలేదు, కదిలింది. "ఒంటికొమ్ము మైలయ్యా!" అని ఊరు ఊరంతా కేక పెట్టింది. ఆ కేక అతనికి కుప్పెలకన్నా బాగుంది.

సంబరంలోకి నక్క కూడా దిగింది. "అంతా నా మూలిక చలవ. దారిబత్తెం ఏదమ్మా?"

"ముందు నిన్నూ తట్టనీ బావా," అంది పిట్ట. "పస్తులతో కొండలెక్కే పొట్ట డప్పులా మోగాలి."

తట్టింది. నిండు బానలా ఉలుకూ పలుకూ లేదు. మీసాలకి పచ్చసొన అంటుకునే ఉంది. కోళ్ళు ముక్కులు నూరుకుంటూ చుట్టుముట్టాయి.

"ఇక మూలిక వెతకడం మానేద్దాం," అంది ఒక పెట్ట.

"అదేం మాట?" అన్నాడు మైలయ్య. "నాకు పిట్ట సరిపోయింది. నల్లక్కకి ఆ మందే కావాలి. వెతకాల్సిందే, ఈసారి నిజంగా."

చావడి కుక్క లేచి ఒళ్ళు విరుచుకుంది. ముందు నక్క, వెనక కుక్క, అలా సాగింది కొండదారి. వెళ్ళేముందు నక్క గుడ్ల గంప వంక చూసింది గానీ, కుక్క అటు కదలనివ్వలేదు. ఇప్పుడు ఆ చావడిలో తెల్లారితే కొమ్ముల వాయిద్యమే. ఆ జబ్బు పేరు దూడలు కూడా ధైర్యంగా పలుకుతున్నాయి.

నీతి: మందు కోసం కొండెక్కేవాళ్ళు ఎక్కాలి, అది దిగొచ్చేదాకా మన కొమ్ము మనం తట్టి చూసుకోవాలి.