గుంట అంచున ఆగిన బంతి

కొండవాలులో పట్నం పెద్దమనుషుల గోల్ఫు మైదానం ఉంది. ఆ గడ్డి పచ్చగా ఉండాలని చుట్టుపక్కల నీళ్ళన్నీ తోడేశారు. జంతువులకు మిగిలింది కంచె పక్కన ఒక్క మడుగు. సాయంత్రం కార్లన్నీ వెళ్ళిపోయాక, మనుషులు పారేసుకున్న బంతులతో జంతువులు పందెం ఆడేవి. కర్ర నోట కరిచి, అందరికన్నా తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేసినవారిదే వేసవంతా మడుగు మీద పెత్తనం.

కిందటేడు గేదె గెలిచింది. గెలిచి, మడుగును అందరికీ వదిలేసింది. అప్పటినుంచి ఏ పొద చాటున విన్నా గేదెమ్మ మాటే. విన్నప్పుడల్లా నక్క కడుపు రగిలిపోయేది. సభల్లో గొంతు చించుకున్నది తను, నినాదాలు నేర్పింది తను. పేరు మాత్రం బురదలో దొర్లేదానికా? ఈసారి తను గెలవాలి. తనకు జై కొట్టినవాళ్ళే నీళ్ళు తాగాలి.

గేదె మెడ బరువు. కర్ర ఊపలేక, బంతికి ఆనించి మెల్లగా తోసేది. నక్క అది కనిపెట్టి సభ పెట్టించింది. నియమం ముందు అందరూ సమానమంది. దొడ్డిదారి గెలుపు శ్రమకు ద్రోహమంది. ఇకమీదట బంతిని కొట్టాలి, తొయ్యకూడదు, లాగకూడదు. కర్ర తగిలిన చప్పుడు వినపడాలి. తప్పితే రెండు దెబ్బలు అదనంగా కలపాలి. తీర్పు చెప్పే కొంగ తాత సరేనన్నాడు.

"న్యాయమే మరిదీ," అంది గేదె నెమరు ఆపకుండా. "నేర్చుకుంటాను."

నేర్చుకుంది కూడా. వేసవి మొదలయ్యేదాకా రోజూ ఎండలో నిలబడి, మెడను కాస్త వెనక్కి లాగి టక్కుమనిపించడం సాధన చేసింది. పొదలోంచి చూస్తూ నక్క తిండి మానేసింది.

పందెం రోజు గేదె బాగానే ఆడింది. నక్క ఇంకా బాగా ఆడింది. గేదె ఆట ముగిసేసరికి నక్క బంతి గుంటకు వేలెడు దూరంలో ఉంది. ఒక్క దెబ్బ పడితే, ఒకే ఒక్క దెబ్బ తేడాతో గెలుపు నక్కదే.

కానీ నక్కను చూసేవాళ్ళేరి? అన్నీ గేదె చుట్టూ మూగాయి. కిందటి వేసవి నీ చలవే తల్లీ అంటున్నాయి కుందేళ్ళు. గేదె ఓడిపోతోందని ఉడత దాని వీపెక్కి ఏడుస్తోంది.

"గెలిచేది నేనైతే ఓడినదానికి ఊరేగింపా? ఇటు చూడండి," అంది నక్క.

ఒక్క తలా తిరగలేదు. నక్క ఒళ్ళు మండిపోయింది. చూపు వాటి మీదే ఉంచి, కర్ర కొసతో బంతిని అలా గీరి లాగి గుంటలో పడేసింది.

"చప్పుడు వినపడలేదే," అన్నాడు కొంగ తాత. ఒంటికాలి మీద నిలబడి బంతినే చూస్తున్నది ఆయనొక్కడే.

అప్పుడు తిరిగాయి తలలన్నీ నక్క వైపు.

"వేలెడు దూరం తాతా," నక్క గొంతు సన్నబడింది. "కొట్టినా పడేదే, లాగినా పడేదే."

"నేను తోసినా పడేదే మరిదీ," అంది గేదె.

కొంగ తాత రెండు దెబ్బలు కలిపాడు. మడుగు మళ్ళీ గేదెదైంది, అంటే అందరిదీ అయింది. దాహం ఆపుకోలేక నక్క కూడా వచ్చింది. గేదె పక్కకు జరిగి చోటిచ్చింది. ఆ నీళ్ళు చల్లగానే ఉన్నాయి, నక్కకే మింగుడుపడలేదు.

పక్కవాడి మీద అసూయతో తెచ్చిన నియమం, తెచ్చినవాణ్ణీ వదలదు.