రాజుగారు చూసిన కూత

"చేసిన మేలుకు బదులు తీర్చుకోవడం తప్పెలా అవుతుందండీ, ఆచార్యులుగారూ?" అని అడిగారు ముదునూరి జానకిరామరాజుగారు.

నరసాపురంలో గోదావరి దాటించే పంటు రేవుకు వెళ్ళే దారిలో ఉన్న కందాళ వరదాచార్యులుగారి అరుగు మీద ఆ పొద్దుటి పాఠం అప్పుడే ముగిసింది. ఆచార్యులుగారు కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరయ్యాక వారానికి రెండు రోజులు ఇంటి దగ్గరే ఉపనిషత్తులు చెబుతున్నారు. వినడానికి వచ్చేవాళ్ళు ఏడెనిమిది మందే. వాళ్ళలో రాజుగారు తొమ్మిదేళ్ళుగా ఒక్క పాఠం మానని శిష్యుడు. ఆయనకు రొయ్యల మేత ఫ్యాక్టరీ ఉంది, అందులో నాలుగొందల మంది పనివాళ్ళున్నారు. వాటన్నిటికంటే ఆయన ఎక్కువ ప్రాణం పెట్టుకున్నది మాత్రం తన కబడ్డీ జట్టు మీద. ఆచార్యులుగారికి వాదించే అలవాటు లేదు. ఎవరు ఎంత పెద్ద ప్రశ్న వేసినా ముందు ఒక్కటే అడుగుతారు.

"ఎవరి సంగతి?"

"మా సింహాచలం సంగతండి."

నాగిడి సింహాచలం అంతర్వేది దగ్గర పల్లిపాలెం మనిషి. వల లాగిన చేతులు, ఇసుకలో పరిగెత్తిన కాళ్ళు. ఇరవైమూడో ఏట రాజుగారి జట్టులో చేరాడు. అతను కూత పెడుతూ గీత దాటాడంటే అవతలివాళ్ళు వెనక్కి వెనక్కి జరిగేవారు. పదకొండేళ్ళలో మూడుసార్లు రాష్ట్రం కప్పు తెచ్చి పెట్టాడు. మూడోసారి ఆఖరి పోటీలో, ఒక్క కూతే మిగిలి ఉండగా, ముగ్గురు చేతులు కలిపి గొలుసు కట్టి చుట్టుముడితే, వాళ్ళ తలల మీదుగా ఎగిరి గీత ఇవతల పడ్డాడు. ఆ రోజు రాజుగారు, షష్టిపూర్తి దగ్గర పడ్డ మనిషి, కుర్చీ ఎక్కి నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఇప్పుడు సింహాచలానికి ముప్పైనాలుగు. నెలాఖరుకు అతని ఒప్పందం ముగుస్తుంది. గుంటూరు వైపు నుంచి ఇంకో జట్టు యజమాని అతన్ని తీసుకుపోవాలని కబురు పంపుతున్నాడు. అందుకని రాజుగారు కొత్త కాగితాలు రాయించారు, సింహాచలం సరేనన్నాడు. ఆరేళ్ళ ఒప్పందం, ఏటికేడాది పెరిగే జీతం. రాష్ట్రంలో ఏ ఆటగాడికీ ఇంతవరకు అంత ఇచ్చినవాళ్ళు లేరు. జట్టు కోచ్ మహబూబ్ బాషా అది చూసి, "సార్, ఆరేళ్ళకి అతనికి నలభై నిండుతాయి. మనం ఎవరికి జీతమిస్తున్నట్టు?" అన్నాడు. ఆ మాటకు రాజుగారు రెండు రోజులు బాషాతో మాట్లాడలేదు.

ఇదంతా ఆచార్యులుగారు చివరిదాకా విన్నారు. తప్పనలేదు, ఒప్పనలేదు. "నేను జన్మలో కబడ్డీ చూడలేదు రాజుగారూ," అన్నారు. "ఒకసారి చూపిస్తారా?"

రాజుగారికి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. "ఆయ్, అదెంత పనండి! ఆదివారం పొద్దున్నే మీ ముంగిట్లోనే ఆడిస్తాను!"

అన్నట్టే ఆదివారం ఏడు గంటలకల్లా జట్టు వ్యాను వచ్చి ఆగింది. గోదావరి పాటులో ఉంది, నీరు వెనక్కి తీసింది. రేవుకు కాస్త ఎగువన, గట్టు కింద, మెత్తటి ఇసుక నున్నగా తేలింది. బాషా తాళ్ళు పరిచి బరి గీయించాడు. జట్టులో కొత్తగా చేరిన అయిదుగురు పట్టు పట్టడానికి ఒక వైపు నిలబడ్డారు. వాళ్ళకెదురుగా సింహాచలం ఒక్కడూ నడుం బిగించుకుంటున్నాడు. పంటు కోసం వచ్చినవాళ్ళు సైకిళ్ళు దిగి గట్టు మీద వరసగా నిలబడ్డారు. ఆచార్యులుగారి కోసం ఇంట్లోంచి పేము కుర్చీ తెచ్చి ఇసుకలో వేశారు. ఆయన కూర్చుని, కండువాతో నొసలు తుడుచుకుని, "నా కళ్ళ సంగతి మీకు తెలుసు కదా. నీటికాసులు వచ్చిన దగ్గర్నుంచి ఎండలో మనుషులు నీడల్లా కదులుతారు తప్ప ఆనరు. మీరు పక్కన నిలబడి ఏం జరుగుతోందో చెబుతూ ఉండండి. మీ కళ్ళతో చూస్తాను," అన్నారు.

రాజుగారికి ఇంతకంటే ఏం కావాలి? ఆయన గొంతు సవరించుకున్నారు.

సింహాచలం గీతకు దండం పెట్టి కూత అందుకున్నాడు. "అదిగోనండి, వెళ్ళాడు! ఎడమ మూలకి వెళ్తున్నాడు... ఉత్తుత్తి అడుగు వేశాడు... వాడు నమ్మాడు... తాకేశాడండీ! వచ్చేశాడు!" గట్టు మీద జనం ఈలలు వేశారు. ఆచార్యులుగారు తలూపారు. రెండో కూతలో ఇంకొకడు పోయాడు. మూడో కూతకు మిగిలిన ముగ్గురూ మాట్లాడుకుని, అతన్ని లోపలికి రానిచ్చి, ఒక్కసారి చేతులు కలిపి మూశారు. రాజుగారి గొంతు లేచింది. "చుట్టేశారండి, ముగ్గురూ చుట్టేశారు, దారి లేదు, దారి లేదు... ఎగిరాడు! ముగ్గురి తలల మీదనుంచీ ఎగిరాడండీ! గీత తాకేశాడు! ముగ్గురూ పోయారు!" ఆయన చేతులు రెండూ పైకెత్తి చప్పట్లు కొడుతున్నారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎంత ఎత్తు ఎగిరాడంటారు?" అని అడిగారు ఆచార్యులుగారు.

"మనిషెత్తు ఉంటుందండి!"

అప్పుడు రాజుగారికి చుట్టూ చప్పుడు లేకపోవడం తెలిసింది. గట్టు మీద ఈలలు ఆగిపోయాయి. పట్టు పట్టిన కుర్రాళ్ళు ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటున్నారు. బాషా తాడు చుట్టుకుంటున్నట్టు నటిస్తూ తల దించుకున్నాడు. సింహాచలం గీత దగ్గర బోర్లా పడ్డవాడల్లా మెల్లిగా లేచి, గడ్డానికి అంటిన ఇసుక దులుపుకున్నాడు.

"రాజుగారూ," అన్నాడు. "నేను ఎగరలేదండి."

రాజుగారు నవ్వారు. "నా కళ్ళతో చూశానురా!"

సింహాచలం చేత్తో ఇసుక వైపు చూపించాడు. రాజుగారు చెప్పులు విడిచి బరిలోకి దిగారు. ముగ్గురు నిలబడిన చోట పాదాల గుంటలున్నాయి. ఆ గుంటల మధ్యనుంచి గీత దాకా, మనిషి ఛాతీ రాసుకుంటూ పోయిన చాలు ఒకటి పొడుగ్గా ఉంది. దాని చివర, సరిగ్గా గీత మీద, అయిదు వేళ్ళు గుచ్చుకున్న గుర్తు. అతను వాళ్ళ చేతుల కిందనుంచి దూరాడు. ఒకడు చీలమండ పట్టుకుని ఉండగానే పాకి, వేళ్ళ కొసలతో గీత అందుకున్నాడు. రాజుగారు పంచె ఎగ్గట్టి ఆ చాలు పక్కన గొంతుక్కూర్చున్నారు. కిందటేడు కాకినాడలో ఆట అయ్యాక ఇతన్ని కావలించుకుని, "ఏం ఎగిరావురా!" అన్నది గుర్తొచ్చింది. అంతకు ముందేడు తెనాలిలో కూడా అదే మాట అన్నారు. రెండుసార్లూ ఇతను నవ్వి ఊరుకున్నాడు. రెండుసార్లూ బాషా మొహం తిప్పుకున్నాడు.

"ఎన్నాళ్ళయిందిరా నువ్వు ఎగిరి?"

"మూడేళ్ళు దాటిందండి. కుడి మోకాలు రానివ్వదు. బట్ట చుట్టుకుని ఆడుతున్నాను. మీరు చప్పట్లు కొడుతుంటే చెప్పడానికి నోరు రాలేదు."

"మరి ఆరేళ్ళకి ఎలా ఒప్పుకున్నావు?"

సింహాచలం, ఇంత లావు మనిషి, వేళ్ళు నలుపుకుంటూ నిలబడ్డాడు. "నేను అడగలేదండి. ఆరేళ్ళు అని మీరే అన్నారు. ఇంత పెద్దాయన అంటున్నారంటే నాలో ఇంకా అంత ఉందేమో అనుకున్నాను. తర్వాత ఇంటికెళ్ళి మా ఆవిడతో చెబితే, ఆవిడ ఒక్కటే అంది. 'ఆరేళ్ళూ దాస్తావా?' అంది." ఆ మాట అనేశాక అతని భుజాలు కొంచెం దిగాయి. "కాగితం చేతికొచ్చిన దగ్గర్నుంచి అన్నం సయించడంలేదండి."

రాజుగారి మొహం ఎర్రబడింది. ముందు కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ తనకెవరూ చెప్పలేదని, ఇంతమంది ముందు నవ్వులపాలయ్యానని. కాని తల తిప్పి చూస్తే నవ్వేవాళ్ళెవరూ కనబడలేదు. ఆచార్యులుగారు నది వైపు మొహం పెట్టి కూర్చున్నారు. రాజుగారు మళ్ళీ ఆ చాలు వంక చూశారు. ఎంత సన్నటి సందులోంచి దూరాడు! ముగ్గురు బలమైన కుర్రాళ్ళు మూసేసిన చోట ఇంత దారి ఎక్కడ దొరికింది ఇతనికి? అది తాను చూడనేలేదు. మూడేళ్ళుగా చూడలేదు.

"ఇప్పుడు చేసింది ఇంకోసారి చెయ్యగలవా?" అని అడిగారు. "చూస్తాను."

కుర్రాళ్ళు మళ్ళీ బరిలోకి దిగారు. సింహాచలం మళ్ళీ కూత పెట్టాడు. ఈసారి రాజుగారు కుర్చీ పక్క నిలబడి పెదవి కదపలేదు. కూత వినబడుతోంది, అడుగులు వినబడుతున్నాయి, మాట మాత్రం లేదు. కాసేపటికి ఆచార్యులుగారు అటు తిరిగి, "ఏమైందండీ, చెప్పడం మానేశారేం?" అన్నారు.

"చూస్తున్నానండి," అన్నారు రాజుగారు.

చూశారు. సింహాచలం కావాలనే కుడి మడమ అందనిచ్చాడు. పట్టుకున్నవాడు గెలిచాననుకుని బరువు ముందుకు వేశాడు. ఆ బరువుతోనే కట్టిన గొలుసు ఒక పక్క వంగింది. ఆ వంగిన చోట, జానెడు సందులో, అతను నీళ్ళలోకి జారినట్టు జారాడు. ఊపిరి తెగలేదు. చెయ్యి గీత మీద పడింది. ఎగరడంలో ఉన్న దర్జా ఇందులో లేదు. కాని ఇది ఇరవైమూడేళ్ళప్పుడు ఇతనికి చేతకానిది. పట్టు పట్టినవాడు ఇసుకలో కూర్చుని, "ఇదెలా చేశావన్నా? నాకు చెప్పవా?" అంటున్నాడు. సింహాచలం మోకాలు పట్టుకుని నవ్వుతూ, "ముందు నువ్వు పట్టుకోవడం నేర్చుకోరా, అప్పుడు చెబుతా," అన్నాడు.

ఆ రోజు వ్యాను వెళ్ళాక రాజుగారు ఇంకో గంట ఆచార్యులుగారి అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి లేచి వెళ్ళారు. ఆరేళ్ళ కాగితం చింపేశారు. ఆ మర్నాడే బాషాను పిలిచి, "కిందటి వారం నువ్వు అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది. నేను ఇన్నాళ్ళూ ఒక పాత ఫోటోకి జీతమిస్తున్నాను," అన్నారు. తర్వాత సింహాచలాన్ని ఎదురుగా కూర్చోబెట్టి ఏం కావాలని అడిగారు. పదకొండేళ్ళలో ఆ మాట అడగడం అదే మొదలు. అతను ఎక్కువ ఆలోచించలేదు. ఇంకొక్క ఏడాది ఆడతానన్నాడు, బాషా ఎప్పుడు దింపితే అప్పుడు, ఎంతసేపు ఆడమంటే అంతసేపే. ఆ తర్వాత కుర్రాళ్ళకి చెప్పే పని ఇస్తే ఊళ్ళోనే ఉంటానన్నాడు. దానికి ఒక్క పేజీ కాగితం, మామూలు జీతం. గుంటూరు కబురుకు వద్దని అతనే చెప్పుకున్నాడు. ఆ ఏడాది జట్టుకు కప్పు రాలేదు, మూడో స్థానం వచ్చింది. సింహాచలం నేర్పిన జారుడుతో ఇద్దరు కొత్తవాళ్ళు పేరు తెచ్చుకున్నారు. రాజుగారు ప్రతి ఆటకూ వెళ్ళి, మునుపటికంటే తక్కువ అరిచి, ఎక్కువ చూశారని జట్టులో చెప్పుకున్నారు.

అది తర్వాతి మాట. ఒక పేజీ కాగితం రాసిన రోజునే రాజుగారు ఇంకో పని కూడా చేశారు. మూడు కప్పులు తెచ్చినందుకని వేరే ఒక కవరు సింహాచలం చేతిలో పెట్టారు. అందులో ఉన్నది చిన్న మొత్తం కాదు. "ఇది అయిపోయిన ఆటలకి. దీనికి బదులుగా నువ్వు చెయ్యాల్సింది ఏమీ లేదు," అన్నారు. బాషా అది చూసి తల పట్టుకున్నాడు. "సార్, ఆరేళ్ళకి ఇవ్వాల్సినదాంట్లో సగం పైన ఒకేసారి ఇచ్చేశారు. ఇంక తేడా ఏముంది?" అన్నాడు.

రాజుగారికి తేడా ఉందనే అనిపించింది. అదేమిటో మాత్రం నోటికి రాలేదు. అందుకని మర్నాడు పాఠం అయ్యాక బాషా అడిగిన ప్రశ్నను తెచ్చి ఆచార్యులుగారి ముందు పెట్టారు. ఆచార్యులుగారు పుస్తకానికి గుడ్డ చుట్టి పక్కన పెట్టారు.

"కవరు తీసుకుని అతను ఎలా వెళ్ళాడు?"

"ఎలా అంటే... నడిచే వెళ్ళాడండి. వరండా మెట్లు దిగి గేటు దాకా."

"ఎలా నడిచాడని."

రాజుగారు గుర్తుచేసుకున్నారు. ఈసారి తొందరపడలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలని నిదానంగా చెప్పారు. "కమ్మీ పట్టుకుని మెట్లు దిగాడండి. కుడికాలు ఈడుస్తున్నాడు. గేటు దాకా కుంటుతూనే వెళ్ళాడు. మధ్యలో ఓసారి ఆగి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు, మళ్ళీ కుంటుతూ వెళ్ళాడు. అంత కుంటుతాడని నాకు తెలియనే తెలియదండి."

ఆచార్యులుగారి మొహంలో సంతోషం కనబడింది.

"పదకొండేళ్ళకి మీ ఎదుట కుంటుతూ నడిచే చనువు వచ్చిందన్నమాట," అన్నారు.