ఉపవాసం తప్పిన మర్నాడు

ఫాదర్ కురియాకోస్‌ను ఎవరైనా చిక్కు ప్రశ్న అడిగితే, ఆయన జవాబు చెప్పకుండా ముందు ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ పని పూర్తయ్యేసరికి కొందరికి ప్రశ్నే మారిపోయేది, కొందరికి కోపం వచ్చేది. గాజువాకలోని ఆ చిన్న ఆర్థడాక్స్ చర్చిలో పాతవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. కృపామణికి ఇంకా తెలియదు.

కృపామణి బట్టల దుకాణంలో పనిచేసేది. చాపల మీద కూర్చుని చప్పట్లు కొడుతూ పాడే ప్రార్థనల మధ్య పెరిగిన మనిషి. ఒకసారి స్నేహితురాలి వెంట ఈ చర్చికి వచ్చి, సాంబ్రాణి పొగలో గంటల తరబడి నిలబడి చేసే ఆరాధన చూసి, ఇక వెనక్కి వెళ్లలేకపోయింది. ఏడాది కిందట సభ్యురాలైంది. శనివారం సాయంత్రాలు ఫాదర్ దగ్గర పాఠం చెప్పించుకునేది.

అక్కడ చాలామంది ఉద్యోగాల కోసం కేరళలోని కొట్టాయం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. మర్యాదస్తులే. కాని ముసుగు ఎంత కిందికి ఉండాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో, వాళ్లకొక పద్ధతి ఉంది. ఆ పద్ధతికి కాపలా ఏలియామ్మ. డెబ్బై దాటిన పెద్దావిడ. ఈస్టరుకు ముందు వచ్చే యాభై రోజుల ఉపవాసం మొదలవబోయే ఆదివారం, కృపామణి జడలో కనకాంబరాలు చూసి, మా ఆడవాళ్లు పూలు పెట్టుకుని చర్చిలోకి రారని చెప్పి, అందరి ముందూ తన చేత్తోనే తీసి కిటికీలో పెట్టింది.

ఆ ఉపవాసంలో మాంసం, చేప, గుడ్డు, పాలు ముట్టకూడదు. రోజంతా నిలబడి చీరలు విప్పి చూపించి ఇంటికి చేరేసరికి కృపామణికి కళ్లు తిరిగేవి. రెండో వారంలో ఒకరోజు ఉపవాసం నిలుపుకోలేకపోయింది. ఆ శనివారం పాఠం మధ్యలో ఫాదర్‌ను అడిగేసింది.

"అయ్యగారూ, ఈ నియమాల్లో దేవుడివి ఎన్ని, కొట్టాయం వాళ్లవి ఎన్ని? దేవుడివి మొయ్యలేకపోతున్నాను. వాళ్లవి మొయ్యబుద్ధి కావడం లేదు. వెళ్లిపొమ్మంటారా?"

ఆయన పుస్తకం మూశారు. పోయిన ఆదివారం ఏలియామ్మ చర్చికి రాలేదని, చూసి వద్దాం రమ్మని అన్నారు. ఆ గడప తొక్కడం తనకు ఇష్టం లేదని కృపామణి చెప్పింది. ఆయన విన్నారు. విని చెప్పులు వేసుకున్నారు.

ఏలియామ్మ స్నానాల గదిలో జారిపడి కుడి చెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టుతో మంచం మీద ఉంది. ముఖం పాలిపోయింది. ఒంట్లో రక్తం లేదని, గుడ్లూ పాలూ తీసుకోవలసిందేనని డాక్టరు చెప్పాడు. కోడలు ఉడకబెట్టిన గుడ్లు పొద్దుటి నుంచి గిన్నెలో అలాగే ఉన్నాయి. ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చాలంటున్నారని కోడలు తలుపు దగ్గర నిలబడి ఫాదర్‌తో చెప్పుకుంది.

జబ్బు చేసినవాళ్లకు ఉపవాసం లేదని, తాను అనుమతి ఇస్తున్నానని ఫాదర్ అన్నారు. ఏలియామ్మ ఒప్పుకోలేదు. కాపురానికి వచ్చిన ఏటి నుంచీ ఒక్క రోజు తప్పలేదంది. అత్తగారు చావు మంచం మీద కూడా పాలు ముట్టలేదంది. ఆవిడ కళ్లలో ఉన్నది పట్టుదల అనుకుంది కృపామణి. కాసేపు చూశాక అది భయమని తెలిసింది.

"ఇప్పుడు తప్పితే ఇన్నేళ్లదీ పోతుంది," అంది ఏలియామ్మ.

కృపామణికి పూల సంగతి ఇంకా మండుతూనే ఉంది. అంత గట్టి మనిషి ఇలా చిక్కుకుపోవడం చూసి లోపలెక్కడో కాస్త సంతోషం కూడా కలిగింది. అది తనకే తెలిసి సిగ్గుపడింది. కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకుంది.

"ఆంటీ, నేను తప్పాను," అంది. "మొన్న మా పిల్లాడి కంచంలో మిగిలిన చేప ముక్క వంటింట్లో నిలబడే తినేశాను."

ఎవరికి చెప్పినా ఈ మనిషికి మాత్రం చెప్పకూడదని దాచుకున్న మాట అది. ఏలియామ్మ ఆమె వైపు తల తిప్పింది.

"తరవాత?"

"ఏముంది, ఏడ్చాను. మర్నాడు మళ్లీ మొదలుపెట్టాను."

"మళ్లీనా?"

"మళ్లీనే."

ఏలియామ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది. కృపామణి ఒక గుడ్డు తీసి గిన్నె అంచుకు కొట్టి వలవసాగింది. పెంకుతో పాటు తెల్లసొన కూడా ఊడి వస్తోంది. ఆ చప్పుడుకు పెద్దావిడ ఇటు తిరిగి చూసి, అలా కాదని, నీళ్లలో ముంచి వలవమని చెప్పింది. కృపామణి నీళ్లలో ముంచి వలిచింది. ఒక ముక్క తుంచి, చెయ్యి చాపి ఆగింది. ఏలియామ్మ కళ్లు మూసుకుని పెదవులు కదిపింది. కళ్లు తెరిచి ఉప్పు అడిగింది.

మెట్లు దిగుతూ, తన ప్రశ్నకు జవాబు రాలేదని కృపామణి గుర్తుచేసింది. ఫాదర్ మలుపు దగ్గర ఆగారు.

"ఉపవాసం ఎలా ఉండాలో ఆవిడకు చిన్నప్పటి నుంచీ తెలుసు," అన్నారు. "తప్పిన మర్నాడు ఏం చెయ్యాలో మావాళ్లెవరూ ఆవిడకు చెప్పలేదమ్మా. నేను కూడా."